మెరవణి కారుకు ఇంజను

హిందూపురంలో చెన్నప్పను ఎవరైనా కారు డ్రైవరు అని పిలిస్తే పలికేవాడు కాదు. కోపం వచ్చి కాదు, పిలిచింది తనను కాదనుకొని. కారును పరుగెత్తించడం ఎవరికైనా వస్తుందని ఆయన నమ్మకం. వెనక సీట్లో కొత్త దంపతులు, ముందు సన్నాయి మేళం, పక్కన గ్యాసు లైట్లు మోసేవాళ్లు, చుట్టూ ఊరంతా, ఇంతమంది మధ్య మనిషి నడక కంటే నిదానంగా కారును నడిపించడం మాత్రం ఎవరికి పడితే వాళ్లకు రాదు. ఆ సీమలో పెండ్లి ఊరేగింపును మెరవణి అంటారు. మడకశిర నుంచి ధర్మవరం దాకా మెరవణి కారు అంటే చెన్నప్ప పచ్చకారే. ఇది ఆయన చెప్పుకున్న గొప్ప అనుకోకండి. ముహూర్తం పెట్టుకునే ముందు ఆ రోజు చెన్నప్పకు ఖాళీ ఉందా అని పెండ్లి పెద్దలే కనుక్కొనేవాళ్లు.

ఆయన పుట్టింది రొద్దంలో, సేద్యం చేసుకునే ఇంట్లో. ఇంటికి రెండో కొడుకు. అన్న ముద్దప్పకు భూమంటే ప్రాణం. తమ్ముడికి మడక పట్టుకొని దున్నుతుంటే నిద్ర వచ్చేది. పెట్రోలు దొరకని యుద్ధం రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సుకు బొగ్గు ఎగదోసే పనికని హిందూపురం వచ్చి, ఆ బస్సుకే క్లీనరయ్యాడు, తర్వాత డ్రైవరయ్యాడు. బస్సు మీద ఆయనకు మంచిపేరు రాలేదు. ఆయన ఎక్కిన బస్సు ఎప్పుడు చేరుతుందో దేవుడికే తెలియాలని ప్రయాణికులు విసుక్కొనేవాళ్లు. యజమాని కూడా చెప్పి చెప్పి అలసిపోయాడు. అటువంటి సమయంలో బెంగళూరులో ఒక కాఫీతోటల షావుకారు కొత్త కారు కొనుక్కొని పాతదాన్ని వదిలించుకుంటున్నాడని తెలిసింది. యుద్ధానికి ముందటి అమెరికా కారు. పై టాపు వెనక్కి మడిస్తే పల్లకీలాగా నాలుగు పక్కలా తెరుచుకుంటుంది. చెన్నప్ప దాన్ని తెచ్చుకొని ఆకుపచ్చ రంగు వేయించి, పెండ్లిళ్లకు తిప్పడం మొదలుపెట్టాడు. నిదానమే తన తప్పని ఏండ్ల తరబడి తిట్లు తిన్న మనిషికి నిదానమే కావలసిన పని దొరికింది. అదృష్టం అంటే అదే కదా.

యాభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో, అమరాపురంలో ఒక పెండ్లి మెరవణి మధ్యలో, ఆ కారు ఇంజను పగిలిపోయింది.

పగిలిన తీరు చెబితే మెకానిక్కులు నమ్మరు. ఎంత మంచి కారైనా గాలి తగలకుండా గంటల కొద్దీ పాకితే వేడెక్కుతుంది. ఆ రోజు ఎండ కూడా తోడైంది. ఇంజనులోంచి ఆవిరి లేచేసరికి చెన్నప్ప కారును ఒక ఇంటి ముందు ఆపి, బానెట్టు ఎత్తి, కాసేపు చల్లారనిమ్మని చెప్పి మంచినీళ్లు తాగడానికి పక్కకు పోయాడు. ఆ ఇంటి పెద్దావిడ ఉలిగమ్మ హారతి పళ్లెంతో బయటికి వచ్చింది. పొగలు కక్కుతున్న కారును చూసింది. ఎద్దులు బరువు లాగి వస్తే ఆమె చేసే పని ఏమిటో ఆ పనే చేసింది. పెండ్లికొడుకు కాళ్లకు పోయడానికి తెచ్చిన బిందెడు బావినీళ్లు ఇంజను నెత్తిన కుమ్మరించింది. టప్పుమని ఒక చప్పుడు వినబడింది. అంతే.

చెన్నప్ప పరుగెత్తుకొని వచ్చేసరికి ఉలిగమ్మ ఖాళీ బిందెతో నిలబడి ఉంది.

"పాపం, నోరెండిపోయినట్టుండాది నీ కారుకు. ఇప్పుడు సల్లబడింది సూడు నాయనా" అంది.

ఇంజను పక్కన, పైనుంచి కిందికి వెంట్రుక మందాన చీలిక. అందులోంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. చెన్నప్ప దాన్ని వేలితో తడిమి చూశాడు.

"సల్లబడిందమ్మా. బాగా సల్లబడింది" అన్నాడు. మిగిలిన వీధులన్నీ పెండ్లికొడుకు స్నేహితులు కారును వెనకనుంచి నెట్టుకుంటూ తిప్పారు. మెరవణి ఆగలేదు. అది ఆయనకు కొంత ఊరట.

హిందూపురం రైల్వే స్టేషను దగ్గర మస్తాన్ సాబు షెడ్డుంది. ఆ చుట్టుపక్కల ఏ బండికి జబ్బు చేసినా అక్కడికే తెస్తారు. సాబు చీలికను చూసి, గోరుతో ఒకసారి గీచి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇది పోత ఇనుము చెన్నప్పన్నా. అతుకు నిలవదు. ఇదే రకం ఇంజను దొరకాలంటే అమెరికా పోవాల. నా మాట విని డీజలు ఇంజను పెట్టించు. ట్యాక్సీలోళ్లంతా అదే పెట్టుకుంటాండారు. నూనె ఖర్చు సగం కూడా కాదు."

రెండు పెండ్లి కాలాలు కూడబెట్టిన దుడ్లు చెన్నప్ప దగ్గరున్నాయి. వాటికి ఒక్క ఇంజను వస్తుంది, అది కూడా పాతదే. తప్పు ఇంజను కొంటే రెండోది కొనే దారి లేదు. విషయం రొద్దం చేరడానికి ఎంతసేపు. మూడోనాడు ముద్దప్ప దిగాడు. షెడ్డులో నోరు తెరుచుకొని ఉన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి, పంచె ఎగగట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమప్పా, ఇంగ ఈ ఇనుముతో ఏం చేస్తావు? తూకానికి ఏసి ఊరికి రా. సేద్యానికి మనిషి చాలక నేను సస్తాండా."

"ఇంజను తెస్తా అన్నా."

"అదీ పగిలితే?"

చెన్నప్పకు రొద్దం అంటే ద్వేషం లేదు. అన్న అంటే అసలు లేదు. కానీ రొద్దంలో ఆయన ముద్దప్ప తమ్ముడు. హిందూపురంలో ఆయన చెన్నప్ప. ఆ తేడా అన్నకు ఎలా చెప్పాలో ఆయనకు ఎప్పుడూ తెలియలేదు.

"ధర్మవరం తిప్పన్న కూతురు నీలావతి పెండ్లికి మాటిచ్చినా. వచ్చే వైశాఖంలో. ఆ మెరవణి సరిగ్గా నడిపించలేకపోతే కారు అమ్మేసి వచ్చి మడక పట్టుకుంటా. నువ్వు పిలవాల్సిన పని కూడా లేదు" అన్నాడు.

ముద్దప్ప తల ఊపాడు. తమ్ముడు మాట తప్పడని ఆయనకు తెలుసు, ఆ కారు నడవదని నమ్మకం. అందుకే సంతోషంగా బస్సెక్కాడు.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ భార్య పుట్టమ్మ అడిగింది.

"బెంగళూరికి ఎవర్ని పిల్చుకపోతాండావు? సాబునా?"

"సాబుకు షెడ్డులో పనుండాది. నేనే పోతా."

"ఓబులేసును పిల్చుకపో" అంది పుట్టమ్మ. ఓబులేసు పెనుకొండ సన్నాయి విద్వాంసుడు. చెన్నప్ప నడిపిన మెరవణిల్లో సగానికి పైగా మేళం ఆయనదే.

"ఆయప్పకు ఇంజన్ల గురించి ఏం తెలుసే?"

"ఇంజను గురించి నీకు తెలుసు. మెరవణిలో దాని ముందర నడిచేది ఆయప్ప. దాని సప్పుడు పడేది ఆయప్ప వీపు మీద. కొన్నాక పనికి రాదంటే ఇంగోటి కొనేదానికి నా తావ ఏముండాది?"

చెన్నప్ప నవ్వాడు గానీ, మరుసటి రోజే పెనుకొండకు కబురు పంపాడు. ధర్మవరం వైపు నుంచి వచ్చే బెంగళూరు రైల్లో ఓబులేసు పెనుకొండలో ఎక్కి, హిందూపురంలో కిటికీలోంచి చెయ్యి ఊపాడు. గుడ్డ సంచిలో సన్నాయి ఉంది. పక్కన డోలు పెట్టుకొని ఆయన బావమరిది కూర్చున్నాడు.

"పెండ్లికూతుర్ని సూసేదానికి పోయిండాను గానీ, ఇంజన్ను సూసేదానికి యాపొద్దూ పోలేదన్నా" అన్నాడు ఓబులేసు.

బెంగళూరులో పాత ఇనుము అమ్మే గుజరీ అంగళ్ల సందు ఒకటుంది. యుద్ధం అయిపోయి ఇన్నేండ్లయినా మిలిటరీ వాళ్లు వదిలిపోయిన సామానుతో ఆ సందు నిండి ఉంటుంది. చెన్నప్పకు కన్నడం తెలుగంత బాగా వచ్చు. అంగడాయన ఏం ఇంజను కావాలని అడిగాడు. ఎంత స్పీడు పోతుందో చెప్పబోయాడు. చెన్నప్ప ఆయన్ను ఆపి, ఎంత నిదానంగా పోతుందో చెప్పమన్నాడు. అంగడాయన ఈయన ముఖం వంక చూసి, పక్కన డోలు పట్టుకున్న మనిషిని చూసి, ఇంకేమీ అడగకుండా డీజలు ఇంజన్ల వైపు నడిచాడు.

మొదటి ఇంజను దిమ్మె మీద బిగించి ఉంది. తిప్పగానే అందుకుంది. ఓబులేసు సంచిలోంచి సన్నాయి తీసి, పీక సవరించుకొని, ఆ ఇనుప గుట్టల మధ్య నిలబడి మెరవణిలో వాయించే కీర్తన మొదలుపెట్టాడు. సందులో పనివాళ్లంతా సుత్తులు పక్కన పెట్టి చూడసాగారు. చప్పుడుతో పేచీ లేదు, సన్నాయి ముందు ఏ ఇంజను గొంతూ చాలదు. చిక్కు డోలు దగ్గర వచ్చింది. ఇంజను దబదబమని తనకు తోచిన తాళం తాను వేస్తోంది. బావమరిది రెండు ఆవర్తాలు నిలబెట్టుకున్నాడు. మూడోదానికి తప్పాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ తప్పాడు.

"బావా, అది నన్ను లాగుతాంది" అన్నాడు చివరికి, చెమట తుడుచుకుంటూ.

ఓబులేసు సన్నాయి దించాడు.

"ఇది పెడితే మేళానికి నేను పెద్ద కాదు చెన్నప్పన్నా, ఇంజను పెద్ద. నూనె ఖర్చు తక్కువేమో, నాకు తెలవదు. నేనైతే దీని ముందర నడవలేను."

చెన్నప్ప అక్కడ ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఊరంతా మెచ్చిన ఇంజన్ను డోలు తప్పిందని వదిలేసుకునే మనిషిని మీరు చూసి ఉండరు. ఆయన అటువంటివాడే.

రెండోది ఇంగ్లీషు చిన్నకారు ఇంజను. కొత్తదానిలాగా మెరుస్తోంది, తిరిగితే తిరిగినట్టే తెలియడం లేదు. డోలు చక్కగా నిలబడింది. ఓబులేసు ఇష్టపడ్డాడు. చెన్నప్ప చేతులు కట్టుకొని చాలాసేపు దానివైపే చూశాడు. పచ్చకారు పెద్దది, బరువైంది. దాని మెట్ల మీద, మడ్‌గార్డుల మీద తోడుపెండ్లికొడుకులు, పిల్లలు వేలాడుతుంటారు. ఈ సన్న ప్రాణి ఆ బరువును మెల్లగా లాగలేదు. గట్టిగా తొక్కితే తప్ప కదలదు, తొక్కితే ఎగిరి దూకుతుంది. మెరవణిలో దూకితే ముందు నడిచేవాడి వీపు మీదికి పోతుంది.

"మంచి ఇంజనే. నాది గాదు" అన్నాడు.

అంగడాయనకు విసుగు వచ్చింది. ఆఖరికి మిలిటరీ జీపుల ఇంజన్లు చూపించాడు. ఒకటి నిగనిగలాడుతోంది. లోపల అంతా కొత్తగా చేశారట. దానికి గేర్‌బాక్సులు లేవు, వట్టి ఇంజనే. అదే ధరకు మూలన ఇంకొకటి ఉంది. జీపు పైభాగమంతా ఎవరో ఊడదీసుకొని పోగా, చక్రాలు, చట్రం, దాని మీద అరిగిపోయిన ఇంజను, వెనక గేర్‌బాక్సు, ఆ వెనక, బురదలో గుట్టల్లో జీపును ఇంకా మెల్లగా నడిపించే ఇంకొక చిన్న గేర్‌బాక్సు మిగిలాయి. స్టార్టు చేస్తే నీలం పొగ వదిలింది. చెన్నప్ప దాని మీద ఒక చెక్కపెట్టె వేసుకొని కూర్చున్నాడు. మొదటి గేరు వేసి, ఆ తర్వాత చిన్న గేర్‌బాక్సుకున్న పొట్టి రాడ్డు లాగాడు. క్లచ్చి మీద నుంచి కాలు తీశాడు. యాక్సిలేటరు మీద కాలే పెట్టలేదు.

అది కదిలింది. అసలు కదిలిందా లేదా అన్నంత మెల్లగా.

"ఓబులేసూ, ముందర నడువు" అన్నాడు చెన్నప్ప.

ఓబులేసు వాయించుకుంటూ నడిచాడు. డోలు పక్కన నడిచింది. ఇనుప కుప్పల నడుమ సందు చివరిదాకా పోయి, తిరిగి వచ్చారు. తలా మొండెం లేని ఆ జీపు తాడు కట్టినట్టు వాళ్ల వెంట వచ్చింది. చెన్నప్ప రెండు కాళ్లూ మడిచి పెట్టె మీద పెట్టుకొని కూర్చున్నాడు. ఎన్ని పెండ్లిళ్లలో క్లచ్చి తొక్కి పట్టుకొని ఆయన మోకాళ్లు పడిపోయాయో ఆ మోకాళ్లకే తెలుసు. ఆయన ముఖం వెలిగిపోయింది.

అంగడాయనే నిజాయతీగా వద్దన్నాడు. ఇది అరిగిపోయింది, అదే ధరకు కొత్తలాంటిది ఇస్తుంటే దీన్ని ఎందుకు కొంటావు అన్నాడు. ఓబులేసుకు కూడా అనుమానం వచ్చింది.

"పొగ వస్తాంది కదన్నా. జనం నవ్వుతారేమో."

"అరిగింది పిస్టను రింగులే గదా, మార్చుకోవచ్చు" అన్నాడు చెన్నప్ప. "నిదానం యాడ కొనుక్కోవాల? ఆ చిన్న డబ్బాలో ఉండాది నాకు కావాల్సింది. ఇంజను దానికి తోడు."

సామాను గూడ్సు బండిలో హిందూపురం చేరింది. మస్తాన్ సాబు చూసి నెత్తి కొట్టుకున్నాడు, తర్వాత పనిలో దిగాడు. రింగులు మార్చాడు. ఆ చిన్న గేర్‌బాక్సులోంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టు నడిమధ్యన రాదు, కుడి పక్కకు వస్తుంది. అందుకని ఇంజనునే ఎడమకు జరిపి కూర్చోబెట్టాడు. ఇంజను పొట్టిది కాబట్టి ముందర బోలెడంత చోటు మిగిలింది. ఆ చోట్లో లారీ రేడియేటరు పెట్టించాడు చెన్నప్ప. ఇంక ఎవరూ దాని నెత్తిన నీళ్లు పోయాల్సిన అవసరం రాకూడదని ఆయన పట్టు. పొగగొట్టం కూడా ఎడమ పక్కకే వంచారు.

బానెట్టు ఎత్తి చూసిన ప్రతివాడూ ఇంజను పక్కకు కూర్చుందేమని నవ్వేవాడు. ఓబులేసు చూసి, "మనిషికి గుండె యాడుంటాదప్పా? ఎడం పక్కనే గదా" అన్నాడు. ఆ మాట నచ్చి చెన్నప్ప తర్వాత అడిగిన వాళ్లందరికీ అదే జవాబు చెప్పాడు, తన మాటే అయినట్టు.

వైశాఖం వచ్చింది. ధర్మవరంలో తిప్పన్నది పట్టుచీరలు నేసి అమ్మే ఇల్లు. ఆయన కూతురు నీలావతికి పెండ్లి. మగపెండ్లివాళ్లు పొద్దున రైలుకు దిగుతారు. స్టేషను దగ్గర విడిదిలో స్నానాలు చేసి, పెండ్లికొడుకును కారెక్కించి, నేతగాళ్ల వీధి గుండా మెరవణిగా తీసుకొని వచ్చి, ముహూర్తానికి పందిట్లో కూర్చోబెట్టాలి. ముద్దప్ప ముందురోజే ధర్మవరం వచ్చాడు. కూతురు రత్నకు కూడా సంబంధం కుదిరిందట, చీరలు చూడటానికి వచ్చానన్నాడు. ఇంకెందుకు వచ్చాడో చెన్నప్పకు తెలుసు. అడగలేదు.

ఆ రోజు ఎన్నడూ లేనిది రైలు వేళకు వచ్చింది. కష్టమంతా దానితోనే మొదలైంది. రైలు ఆలస్యంగా వస్తుందన్న ధైర్యంతో నేతగాళ్ల వీధిలో జయలక్ష్మమ్మ అనే ఆమె ఇంటివాళ్లు పడుగు సాగదీశారు. చీర నేయడానికి మగ్గం మీద నిలువుగా ఎక్కించే పట్టుదారాల వరుసే పడుగు. దాన్ని వీధి పొడుగునా కర్రల మీద బిగించి, గంజి పెట్టి, ఆరేదాకా దువ్వుతుంటారు. మధ్యలో తీస్తే పోగులన్నీ అంటుకొని పాడైపోతాయి. మెరవణి మలుపు తిరిగేసరికి వీధిలో కుడి పక్కంతా తెల్లటి పట్టు పరుచుకొని ఉంది. ఎడమ పక్క మురుగు కాలువ. మధ్యలో మిగిలిన జాగాలో పచ్చకారు పడుతుంది, పడితే అటూ ఇటూ జానెడు మిగులుతుంది.

జయలక్ష్మమ్మ రెండు చేతులూ చాపి కారు ముందు నిలబడింది. అరవై దాటిన మనిషి.

"ఆపప్పా. పొగ తగిలిందంటే పోయింది. చమురు చుక్క పడిందంటే పోయింది. కారు అదిరి ఒక కర్ర పడిందంటే ఇంటిల్లిపాది కష్టం మట్టిలో కలుస్తాది. ఆరనీండి, తీస్తాము."

"ముహూర్తం దాటిపోతాది గదమ్మా" అన్నాడు పెండ్లికొడుకు మేనమామ. దిగి నడుద్దామని ఎవరో అంటే, మా పిల్లోణ్ణి కాలినడకన పందిట్లోకి తెస్తారా అని ఆయన ఒంటికాలి మీద లేచాడు. తిప్పన్న పందిట్లోంచి పరుగెత్తుకొని వచ్చాడు. ఆయన పుట్టింది నేతగాళ్ల ఇంట్లోనే. తడి పడుగు తీయమని ఇంకొక నేతగాణ్ణి అడగడానికి ఆయనకు నోరు రాలేదు. అటు వియ్యంకులు, ఇటు పడుగు. మనిషి అలాగే నిలబడిపోయాడు.

ముద్దప్ప జనంలోంచి ముందుకు వచ్చి కారు పక్కన వంగాడు.

"సాల్లేరా, దిగు. పోగు తెగిందంటే పెండ్లి పాడు చేసినోడివి నువ్వే అవుతావు. ఎవురూ నిన్ను తప్పు పట్టరు, దిగు."

దిగితే నిజంగానే ఎవరూ తప్పు పట్టరు. కానీ మెరవణి సగంలో దిగినవాడు మాటిచ్చిన ప్రకారం రొద్దం పోవాలి. చెన్నప్పకు భయం వేసింది. కొత్త రింగులు వేసినా ఆ ఇంజను గట్టిగా తొక్కితే ఇప్పటికీ కాస్త పొగ వదులుతుందని ఆయనకొక్కడికే తెలుసు. తొక్కకపోతే వదలదని కూడా ఆయనకే తెలుసు. తొక్కకుండా నడిచేదాన్నే ఆయన ఏరి కొనుక్కున్నాడు.

"అమ్మా, ఒక మాట" అన్నాడు జయలక్ష్మమ్మతో. "నువ్వు కారుకు ముందర నడుస్తా, నా కుడి మడ్‌గార్డు మీద చెయ్యేసి పెట్టు. కారు అదిరితే నీ చేతికి ముందు తెలుస్తాది. ఆపమంటే ఆడికాడికి ఆపేస్తా. మళ్లా కదల్చను. ముహూర్తం పోయినా సరే."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత పడుగు వైపు చూసింది. చెయ్యి మడ్‌గార్డు మీద పెట్టింది.

"ఓబులేసూ, నువ్వు ఎంత మెల్లగా నడవగలవో అంత మెల్లగా నడువు" అని చెన్నప్ప పొట్టి రాడ్డు లాగాడు.

ఓబులేసు ఆ క్షణంలో కీర్తన మార్చి, విలంబంగా రాగం అందుకున్నాడు. డోలు కర్రతో కొట్టకుండా వేళ్లతో తాళం అందించాడు బావమరిది. కారు కదిలింది. పడుగు దువ్వేవాళ్లు కుంచెలు గాల్లో పట్టుకొని ఊపిరి బిగబట్టారు. చెన్నప్ప కాళ్లు రెండూ వెనక్కి తీసుకొని, చేతులతో స్టీరింగును మాత్రం వెంట్రుకంత అటూ ఇటూ కదిపాడు. ఎడమ చక్రం కాలువ అంచునే పోతోంది. కుడివైపు పట్టు ఎంత దగ్గరగా ఉందంటే గంజి వాసన ఆయన ముక్కుకు తగులుతోంది. సగం వీధి దాటాక మేనమామ వెనకనుంచి, "తొందరగా పోనీయప్పా" అన్నాడు. చెన్నప్ప వినిపించుకోలేదు. జీవితంలో ఎంతమంది ఆ మాట అనలేదు ఆయనను. మొట్టమొదటిసారి ఆ మాట తనకు అంటలేదు. భయం ఎక్కడ దిగిపోయిందో తెలియదు గానీ, దిగిపోయింది. ఈ వీధి ఇంకా పొడుగున్నా బాగుండునని కూడా అనిపించింది.

పడుగు చివరి కర్ర దాటాక జయలక్ష్మమ్మ చెయ్యి తీసింది. వెనక్కి పోయింది. కారు అక్కడే ఆగింది, మేళం కూడా ఆగింది. ముహూర్తం ముంచుకొస్తున్నా ఎవరూ తొందర పెట్టలేదు, మేనమామ కూడా. ఆమె వంగి, పట్టు మీద అరచెయ్యి ఆనీ ఆనకుండా వీధి పొడుగునా నడిచి చూసుకుంది.

"ఒక్క పోగు తెగలా" అంది అక్కడినుంచే. "నా చేతికి కారు నడిచిన అదురే తెలీలేదు. పోండి, పెండ్లి చేసుకోండి."

తిప్పన్న కళ్లు తుడుచుకొని పందిట్లోకి పరుగెత్తాడు. ఓబులేసు సన్నాయి గొంతెత్తి, ఆ పొద్దంతా దాచుకున్న బలమంతా ఒక్కసారి వినిపించాడు.

తాళి కట్టాక, భోజనాలయ్యాక చెన్నప్ప కారు నీడలో కూర్చొని ఉన్నాడు. ముద్దప్ప వచ్చాడు. పక్కన కూర్చోలేదు, ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో ఇత్తడి పళ్లెం. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, పైన ఒక రూపాయి.

మేళగాళ్లను పెండ్లికి పిలవాలంటే అలా వక్కాకు ఇచ్చి పిలవడం ఆ సీమ మర్యాద. కారుకు ఎవరూ ఇవ్వరు. కారుకు కబురు పంపితే చాలు. అందులోనూ తమ్ముడి కారుకు కబురు కూడా అక్కర్లేదు, ఫలానా రోజు రమ్మంటే వస్తుంది. ముద్దప్ప ఇన్నేండ్లూ అలాగే రమ్మన్నాడు.

"మా రత్న పెండ్లి శ్రావణంలో" అన్నాడు ముద్దప్ప, పళ్లెం ముందుకు చాపి. "మెరవణికి మీరు రావాల."

అన్న నోటి నుంచి మీరు అన్న మాట చెన్నప్ప ఎన్నడూ వినలేదు. లేచి నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి నడుముకు కట్టుకొని, రెండు చేతులూ చాపి పళ్లెం అందుకున్నాడు.

"ఓబులేసుకు ఆ రోజు కాళీ ఉండాదేమో అడిగి చెప్తా అన్నా" అన్నాడు. "ఆయప్ప లేకుండా నేను కారు తీయను."

"అడిగి చెప్పు" అన్నాడు ముద్దప్ప. "నేను ఈడే కూచోనుంటా."